హంపమ్మ అలియాస్ ప్రేమమ్మ

బండపేట సబ్‌జైలులో ఆడ వార్డరు ఉద్యోగం లేదు. ఆడ ఖైదీ వస్తే మాత్రం ఆడ వార్డరు ఉండి తీరాలని రూలు ఉంది. ఈ రెంటికీ నడుమ ఉన్న సందులో తొమ్మిదేళ్ళుగా బతుకు ఈడుస్తున్న మనిషి హంపమ్మ.

ఆమె మొగుడు తాలూకా కచ్చేరీలో బంట్రోతుగా చేసి, కలరా వచ్చిన ఏడు పోయాడు. పిల్లలు లేరు. కోడుమూరు దారి పక్కన బోద కప్పిన ఒక పూరికొట్టం, నాలుగు కోళ్ళు, కూలికి పోతే కొడవలి, అంతే ఆమె ఆస్తి. మొగుడు చేసిన కొలువును పట్టి, ఆడ ఖైదీ వచ్చినప్పుడల్లా కచ్చేరీ వాళ్ళు ఈమెకే కబురు పెట్టేవాళ్ళు. బంట్రోతు రంగన్న వచ్చి చేను గట్టు మీద నిలబడి కేక వేసేవాడు.

"హంపక్కో! ఆడమనిషిని ఎవర్నో తెచ్చినారు. నిన్ను బిర్న రమ్మంటాండారు!"

"ఏం కేసప్పా?"

"నాకేం ఎరుక? మేకపిల్ల కేసో, మొగుని కేసో. నువ్వు రా ముందు."

హంపమ్మ కొడవలి చూరులో చెక్కి, రొట్టెలు గుడ్డలో మూట కట్టుకుని పోయేది. సర్కారు ఆమెకు ఒక ఇత్తడి బిళ్ళ కుట్టిన తోలుపట్టీ ఇచ్చింది. అది భుజాన వేసుకుంటే వార్డరు, తీసేస్తే కూలిమనిషి. ఖైదీ విడుదలైన రోజున పట్టీ కూడా విడుదలయ్యేది.

సబ్‌జైలు కచ్చేరీ వెనక గోడకు ఆనుకుని ఉండేది. మగవాళ్ళకు రెండు కొట్టడీలు. ఒక్కో కొట్టడీ తలుపు మీద తెల్లరంగుతో "ఆరుగురు" అని దొరల కాలంలో రాశారు. స్వరాజ్యం వచ్చాక ఆ అక్షరాలకు కొత్త రంగు వేశారు గానీ లెక్క మార్చలేదు. 1955 ఎండాకాలానికి ఆ రెండింటిలో కలిపి ముప్పైయొక్క మంది ఉన్నారు. కాగితం మీద పన్నెండు మందే. మిగిలిన పందొమ్మిది మందీ పెద్దజైలుకు బదిలీ అయి, "ప్రయాణంలో ఉన్నారు" అని రికార్డు. అక్కడ చోటు లేదని పెద్దజైలు వాళ్ళు జవాబు రాసినందువల్ల ఆ ప్రయాణం ఆరు నెలలుగా సాగుతోంది. అంత దూర ప్రయాణం వాళ్ళు నిలబడే చేశారు. పడుకోవడానికి వంతులు పెట్టుకున్నారు. పడుకున్నవాళ్ళు పక్కకు ఒత్తిగిల్లాలంటే కొసన ఉన్నవాడు "తిరగండప్పో" అని చెప్పాలి, అందరూ ఒక్కసారే తిరగాలి. మూలన ఒక తొట్టి ఉండేది. దాన్ని పొద్దున ఒక్కసారే ఎత్తేవాళ్ళు. ఆ తొట్టి పక్కన ఎవరు పడుకోవాలన్న మాట మీదే ఆ జైల్లో కొట్లాటలన్నీ జరిగేవి. సంగటిలో జొన్న ఎంతో ఇసుక అంత. పప్పు గిన్నెలో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చని ఖైదీలు అనేవాళ్ళు.

ఆడవాళ్ళ వార్డు అని పేరు పెట్టిన గది ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడుగు. దానికి కిటికీ లేదు. పూర్వం అందులో పాత స్టాంపు కాగితాలు పెట్టేవాళ్ళు. ఎలుకలు కొరుకుతున్నాయని, చెమ్మకు పాడైపోతున్నాయని ఎవరో పై అధికారి కోప్పడితే, కాగితాలను మంచి గదిలోకి మార్చి దీన్ని ఆడవాళ్ళకు ఇచ్చారు.

రాత్రిపూట ఆడ ఖైదీని మగ కావలివాళ్ళ చేతుల్లో వదలకూడదని రూలు. అందుకని వార్డరు కూడా గదిలోనే పడుకోవాలి. తలుపుకు లోపల గడియ లేదు, బయట తాళం ఉంది. తాళంచెవి హెడ్డు కానిస్టేబులు బొజ్జన్న మొలతాడుకు ఉంది. కాబట్టి పొద్దు గుంకగానే బొజ్జన్న ఖైదీనీ, ఆ ఖైదీకి కావలి కాసే మనిషినీ కలిపి లోపలికి తోలి తాళం వేసేవాడు. తేడా ఒక్కటే: ఖైదీకి సర్కారు సంగటి పెట్టేది, వార్డరు తన రొట్టె తానే తెచ్చుకునేది.

"ఏమప్పా బొజ్జన్నా, నన్ను గుడక లోపలేసి తాళం బిగిస్తే ఇంగ నేను ఎవరికి కాపలా?" అని మొదటి ఏడే అడిగింది హంపమ్మ.

"నువ్వు ఆమెకు కాపలా. తాళం మీ ఇద్దరికీ కాపలా" అన్నాడు బొజ్జన్న. అతను చెడ్డవాడు కాదు. తనకు చెప్పినది చేసేవాడు, చేసినది పుస్తకంలో రాసేవాడు, చేయనిది కూడా రాసేవాడు.

జైలుకు పెద్ద సబ్‌మేజిస్ట్రేటు దేవేంద్రప్ప. ఆయన కుర్చీకీ మగవాళ్ళ కొట్టడీకీ నడుమ ఒక్క గోడే అడ్డం. గోడకున్న కిటికీ నుంచి వాసన వస్తుంటే ఆయన దాన్ని మూయించి, నెల నెలా "గాలి, వెలుతురు తృప్తికరము" అని రాసి పంపేవాడు. చేతిరాత ముత్యాల్లా ఉండేది. ఆ రాత చూసి పైవాళ్ళు రెండుసార్లు మెచ్చుకున్నారు.

ఆ ఏడు శివరాత్రి ముందర నందికొట్కూరు వైపు పల్లె నుంచి ప్రేమమ్మ అనే కిరస్తానీ పిల్లను తెచ్చారు. ఇరవై రెండేళ్ళది, అయిదో నెల గర్భం. మద్యనిషేధం రోజులు. ఆమె మొగుడు ఏసేపు సారాయి కాస్తున్నాడని ఎవరో చెప్తే పోలీసులు పోయారు. ఏసేపు గోడ దూకి పారిపోయాడు. ఇంట్లో పులిసిన వాసన వస్తున్న కుండ ఒకటి దొరికింది. కుండ మొగుడిది, మొగుడు లేడు, కుండకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి గదా అని పెళ్ళాన్ని తెచ్చారు. కుండకు లక్క సీలు వేసి కర్నూలుకు పరీక్షకు పంపించారు. పరీక్ష జవాబు వచ్చేదాకా రిమాండు. పదిహేను రోజులకొకసారి రిమాండు పొడిగించాలంటే ఖైదీని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అయితే గర్భిణి నడవడం మంచిది కాదని, ఎంతో దయతో, దేవేంద్రప్ప కాగితం మీదే సంతకం చేసేసేవాడు. ఆయన నడిపించకుండా కాపాడిన దూరం ఇరవై అడుగులు.

మొదటి రోజున హంపమ్మ, ఆరడుగుల గదిలో ఒక మనిషి ఎంత దూరం జరగవచ్చునో అంత దూరం జరిగి కూర్చుంది. ప్రేమమ్మ మాలపల్లె పిల్ల. హంపమ్మ గోడవైపు తిరిగి రొట్టె తినేది. ప్రేమమ్మ ఇంకో గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని సంగటి తినేది, తిన్నది తిన్నట్టు కక్కేసేది. నాలుగు రోజులు చూసింది హంపమ్మ. అయిదో రోజున సగం రొట్టె విరిచి, దాని మీద కొంచెం ఊరిబిండి పచ్చడి వేసి, నేల మీద పెట్టి కాలివేలితో అవతలికి నెట్టింది.

"తిను మే. ఉత్త కడుపుతో ఉంటే లోపల ఉండేది ఏం కావాల?"

ప్రేమమ్మ తిన్నది. ఆ పూట కక్కలేదు. పది రోజులకు రొట్టె నేల మీద పెట్టడం పోయింది. నెలకు ఒకే గుడ్డ మీద ఇద్దరూ పడుకోవడం వచ్చింది. దోమలు, నల్లులు కులం అడక్కుండా ఇద్దరినీ కుట్టేవి. ప్రేమమ్మ పాదాలు వాచితే హంపమ్మ ఒళ్ళో పెట్టుకుని ఒత్తేది. వారానికోసారి డాక్టరు వచ్చి చూడాలి. ఆయన ఆసుపత్రిలో కూర్చునే "ఆరోగ్యము బాగుగానున్నది" అని సంతకం చేసి పంపేవాడు.

ఏప్రిల్‌లో ఉరుకుందు అనే ముసలి మేకలకాపరి చచ్చిపోయాడు. మేకలు సర్కారు అడవిలోకి పోయాయని ఆయన్ను తెచ్చి నాలుగు నెలలైంది. మేకలను నాలుగో రోజునే వదిలేశారు. ఆయన పోయిన రోజు మిట్టమధ్యాహ్నం గోడ అవతలి నుంచి ఆయన గొంతు ఆడవాళ్ళ గదిలోకి వినిపిస్తూనే ఉంది. "గుక్కెడు నీల్లప్పా... ఎవరన్నా గుక్కెడు నీల్లు పోయండప్పా..." అని. మగ కొట్టడీలు రెంటికీ కలిపి రోజుకు రెండు బానల నీళ్ళే ఇవ్వాలని రూలు. ఆ రెండు బానలూ పన్నెండు మందికి. ముప్పైయొక్క మంది తాగితే అవి పది గంటలకే అయిపోతాయి. హంపమ్మ తన చెంబు తీసుకుని వరండాలోకి పోబోతే సెంట్రీ అడ్డం నిలబడ్డాడు.

"అది మగవార్డు. నీకు డ్యూటీ లేదాడ."

పొద్దు వాలేసరికి ఆ గొంతు ఆగిపోయింది. కొట్టడీలో మనుషులు ఒకరినొకరు ఆనుకుని నిలబడి ఉన్నందువల్ల ముసలాయన పోయిన సంగతి వంతు మారేదాకా ఎవరికీ తెలియలేదు. "వృద్ధాప్యము, సహజము" అని దేవేంద్రప్ప ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. మర్నాడు ఇద్దరు కొత్తవాళ్ళు వచ్చారు.

ఆ రాత్రి హంపమ్మ రొట్టె మూట విప్పలేదు. ప్రేమమ్మ అడిగితే "నా చేతిలో చెంబు ఉండాది, ఆయప్పకు దప్పిక ఉండాది. నడుమ ఆ నా కొడుకు నిలబడినాడు" అని మాత్రం అంది.

మే నెలలో ఒక కమిటీ బయలుదేరింది. అప్పుడు కర్నూలే రాజధాని. గుడారాల్లోనూ షెడ్లలోనూ ఆఫీసులు పెట్టుకున్న సర్కారుకు, రాళ్ళ మీద ఎండకు తిరగడానికి ఎప్పుడూ ఏదో ఒక కమిటీ ఉండేది. ఇది జైళ్ళను బాగుచేసే కమిటీ. రిటైరైన జడ్జి ఒకాయన అధ్యక్షుడు. కోస్తా నుంచి వచ్చిన ఖద్దరు చీర అమ్మగారు ఒకామె మెంబరు. ఇంకో ఇద్దరు మెంబర్లకు ఆ ఎండలో మజ్జిగ మీద తప్ప దేని మీదా ధ్యాస లేదు.

మూడు రోజుల ముందు తంతి వచ్చింది. బండపేట సబ్‌జైలు నిద్ర లేచింది. గోడలకు సున్నం కొట్టారు. సంగటి కుండ తోమారు. పందొమ్మిది మందిని "ప్రయాణం"లో పెట్టినవాళ్ళు ఇప్పుడు వాళ్ళను నిజంగానే ఎక్కడికైనా పంపాల్సి వచ్చింది. ఇప్పుడు వాళ్ళు ఇరవై మంది. కచ్చేరీ పక్కన బందెల దొడ్డి ఉంది. అందులో ఉన్న పశువులను తోలేసి, ఆ ఇరవై మందిని తెల్లవారకముందే నడుముకు తాడు కట్టి అక్కడ కూర్చోబెట్టారు. దొడ్డిలో వేపచెట్టు నీడ ఉంది. తొట్టినిండా నీళ్ళున్నాయి. కాళ్ళు చాపుకోవడానికి నేల ఉంది. పశువుల కోసం రాసిన రూల్లో రోజుకు ఇన్నిసార్లు నీళ్ళు పెట్టాలని, నీడ ఉండాలని స్పష్టంగా ఉంది. ఖైదీలు నీళ్ళు తాగారు, మొహాలు కడిగారు, వెల్లకిలా పడుకున్నారు.

"ఈ కమిటీ సోమారం దాకా ఉంటే బాగుండు గదప్పా" అన్నాడొకడు.

ఇక మిగిలింది ఎనిమిది నెలల గర్భిణి. ఈమెను చూస్తే డాక్టరు కాగితాలు అడుగుతారు, రిమాండు కాగితాలు అడుగుతారు. బొజ్జన్నకు ఉపాయం తట్టింది. హంపమ్మను పక్కకు పిలిచాడు.

"ఇదో హంపక్కా. ఒక్క అరగంట నువ్వు ఖైదీ. ఆ పిల్ల వార్డరు. నీ బిళ్ళ ఆ పిల్లకేసి బయట స్టూలు మీద కూచ్చోబెడతాం. నువ్వు లోపల నిలబడు."

"నేనేం తప్పు చేస్తి?"

"ఏం చేయాల్సిన పన్లేదు. ఏం కేసంటే సారాయి కేసు అను. కూడు ఎట్లుండాదంటే బాగుండాది దొరా అను. అంతే."

అతను కూడు గురించి నేర్పాడు, ఆరోగ్యం గురించి నేర్పాడు, దండం ఎలా పెట్టాలో నేర్పాడు. పేర్ల సంగతి మరిచిపోయాడు.

ప్రేమమ్మ వరండాలో స్టూలు మీద కూర్చుంది. మూడు నెలల తర్వాత గాలి తగిలేసరికి ఆమెకు తల తిరిగినంత పనైంది. ఇత్తడి బిళ్ళ పొట్ట మీద ఎత్తుగా నిలబడి ఎండకు మెరుస్తోంది. హంపమ్మ గదిలో నిలబడింది. కమిటీ మగ కొట్టడీలు చూసి, పన్నెండు మందిని లెక్కపెట్టి, తలుపు మీది "ఆరుగురు"తో సరిపోయిందని సంతోషించి, ఇటు వచ్చింది.

అమ్మగారు గడప దగ్గర నిలబడి మెత్తగా అడిగింది. "నీ పేరేమిటమ్మా?"

"హంపమ్మ తల్లీ."

బొజ్జన్న దగ్గాడు.

"ఏం కేసు?"

"సారాయి కేసంట."

"నువ్వు వచ్చి ఎంతకాలమైంది?"

తొమ్మిదేళ్ళలో హంపమ్మను ఎవరూ ఏదీ అడిగి ఎరుగరు. బిళ్ళ వేసుకున్న మనిషి నోరెత్తితే ఆ బిళ్ళ పోతుంది. ఇప్పుడు బిళ్ళ లేదు. పైగా ఖైదీలు తమ కష్టములు చెప్పుకొనవచ్చునని వరండా గోడ మీద రాసి ఉందని రంగన్న ఎప్పుడో చదివి చెప్పాడు. అది వార్డర్లకు రాసింది కాదు. ఈ అరగంటా ఆమె ఖైదీ.

"తొమ్మిదేండ్లు" అంది.

"తొమ్మిది నెలలా?"

"కాదు తల్లీ, ఏండ్లు. యుద్దం అయిపోయిన మరుసటేడు నన్ను పిలుచుకొచ్చి దీంట్లో ఏసినారు. అప్పట్నుంచి ఏసి తాళం ఏస్తాండారు, తీస్తాండారు, మళ్ళా ఏస్తాండారు."

అధ్యక్షుడి కలం ఆగింది. "నీకు శిక్ష పడిందా?"

"నాకు యాడ శిక్ష దొరా? నన్ను ఎవరూ ఇచారించనే ల్యా. పిలిస్తే వస్తా, పొమ్మంటే పోతా."

"భోజనం ఎలా ఉంటుంది?"

బొజ్జన్న అమ్మగారి వెనక నుంచి కళ్ళు ఉరిమాడు. హంపమ్మ అతనివైపు చూడలేదు. "నాకు కూడు పెట్టరు తల్లీ. నా రొట్టె నేనే తెచ్చుకుంటా. ఈడ పెట్టే సంగటి చూస్తే నువ్వు కుక్కకు గుడక ఎయ్యవు."

సారాయి కేసన్న ఒక్క మాట తప్ప ఆమె అబద్ధమాడలేదు. ఆ ఒక్కటి బొజ్జన్న నేర్పింది.

ఆ తర్వాత ఆమె ఆగలేదు. గోడ అవతల నీళ్ళు నీళ్ళని అరిచి చచ్చిపోయిన ఉరుకుందు సంగతి చెప్పింది. తొట్టి సంగతి చెప్పింది. "ఇప్పుడు మీరు చూసినోళ్ళు పన్నెండు మంది. మిగతా ఇరవై మంది బందెల దొడ్డిలో ఉండారు. పొయ్యి చూడండి, పండగ చేసుకుంటాండారు" అంది. చివరికి అమ్మగారి చెయ్యి పట్టుకుంది.

"నువ్వొకసారి లోపలికి రా తల్లీ. తలుపు దగ్గరికేస్తా. ఆకూవక్కా నమిలేంత సేపు కూచ్చో, సాలు."

ఆ అమ్మగారు నిజంగానే లోపలికి పోయి కూర్చుంది. హంపమ్మ తలుపు దగ్గరికి వేసింది. కొత్త సున్నం వాసన, దాని కింద నుంచి పాత వాసన, గోడ అవతల మనుషుల చప్పుడు, ఒంటి మీద పాకుతున్న నల్లులు. ఆకువక్క నమిలేంత సేపటికన్నా ముందే ఆమె తలుపు కొట్టింది. బయటికి వచ్చి అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగింది. చెంబు ఖాళీ అయ్యేదాకా దించలేదు.

అధ్యక్షుడు దేవేంద్రప్ప వైపు తిరిగాడు. "సారాయి కేసుకు చట్టంలో ఎంత శిక్షండీ?"

"నెలలే సార్, మహా అయితే..."

"ఈమెను తొమ్మిదేళ్ళు విచారణ లేకుండా ఉంచారు."

దేవేంద్రప్ప ముందు రెండు దారులున్నాయి. ఈమె ఖైదీ కాదు, వార్డరు అంటే కమిటీని మోసం చేసిన నేరం తనది. ఖైదీ అంటే తొమ్మిదేళ్ళ నేరం, అందులో ఏడేళ్ళు తనకు ముందు పనిచేసినవాళ్ళది. ఆయన న్యాయం తెలిసిన మనిషి, తనకు తక్కువ భాగం వచ్చే నేరాన్ని ఎంచుకున్నాడు. "పొరపాటు జరిగింది సార్" అన్నాడు.

"ఇప్పుడే, మా ఎదుటనే, సొంత పూచీ మీద వదలండి."

అప్పటికప్పుడు కాగితం తయారైంది. హంపమ్మ వేలిముద్ర వేసింది. కమిటీ అంతా నిలబడి చూస్తుండగా గేటు దాటింది. అమ్మగారు రెండు అరటిపళ్ళు చేతిలో పెట్టి, "ఇక సుఖంగా ఉండమ్మా" అని కళ్ళు తుడుచుకుంది. పోయేటప్పుడు అధ్యక్షుడు స్టూలు మీద బిక్కచచ్చి కూర్చున్న ప్రేమమ్మను చూశాడు.

"నీ పేరు?"

"ప్రేమమ్మ సామీ."

"ఈ స్థితిలో కూడా డ్యూటీకి వచ్చావే! ఇలాంటివాళ్ళ మీదే డిపార్టుమెంటు నిలబడి ఉంది" అని పుస్తకంలో రాసుకున్నాడు. బందెల దొడ్డికి పోయి చూసే టైము లేకపోయింది. మధ్యాహ్నం భోజనం ఇంకో ఊళ్ళో ఉంది.

సోడా అంగడి పక్కన నిలబడి జీపు దుమ్ము అణిగేదాకా చూసి, హంపమ్మ తిరిగి లోపలికి వచ్చింది. బొజ్జన్న అప్పటికే ప్రేమమ్మ భుజం మీద పట్టీ విప్పుతున్నాడు.

"నా కొంప ముంచితివి గదే ముసలిదానా! పట్టు, నీ బిళ్ళ నువ్వు ఏసుకో. ఈ పిల్లను లోపల ఏయాల."

"ఏ కాగితం మీద ఏస్తావప్పా?"

"ఏ కాగితమేంది?"

"ఆడ ఖైదీ పూచీ మీద పోయిందని ఇప్పుడే గదా రాసిరి. నేను ఏలు పెడితి. ఖైదీ పోయినంక లోపల ఎవర్ని ఏస్తావు?"

బొజ్జన్న తాళంచెవి పట్టుకుని దేవేంద్రప్ప దగ్గరకు పోయాడు. హంపమ్మ కూడా పోయింది. ఆ ఇరవై అడుగులూ ప్రేమమ్మను నడిపించుకుని పోయింది. సబ్‌మేజిస్ట్రేటు తడి తువాలు నెత్తిన వేసుకుని కూర్చున్నాడు. తాను పద్నాలుగు వారాలుగా రిమాండు పొడిగిస్తున్న మనిషిని ఆయన చూడడం అదే మొదటిసారి.

"అయ్యా" అంది హంపమ్మ, "ఈ పిల్లకు రోజులు దగ్గరికొచ్చినాయి. ఆ గదిలో రేపు ఏమన్నా అయితే మీరు ఏమని రాస్తారు? ఖైదీ సచ్చిపోయిందని రాయలేరు, ఖైదీ పోయిందని పెద్దదొర చూసి పాయె. వార్డరు పురుట్లో సచ్చిపోయిందని రాస్తారా?"

దేవేంద్రప్ప ప్రేమమ్మ పొట్టవైపు చూశాడు. ఆయన మనసు కరిగిందో, కమిటీ నుంచి ఉత్తరం వస్తుందని భయమేసిందో ఎవరికీ తెలియదు. విడుదల కాగితం దగ్గరికి లాక్కున్నాడు. "హంపమ్మ" అన్న పేరుకు ముందు "ప్రేమమ్మ అలియాస్" అని రెండు మాటలు చేర్చాడు. అక్షరాలు ఎప్పటిలాగే ముత్యాలు.

ఆ సాయంత్రమే చొప్ప తోలుకుపోతున్న బండి మీద హంపమ్మ ఆమెను కూర్చోబెట్టుకుని పల్లెకు తీసుకుపోయింది. ప్రేమమ్మ తల్లి గిడ్డమ్మ కూతుర్ని చూసి మొదట గుర్తుపట్టలేదు. పట్టాక ఊరు దద్దరిల్లేట్టు ఏడ్చింది. ఇరవై రోజులకు ఆడపిల్ల పుట్టింది, సన్నగా, కానీ గొంతు మాత్రం గట్టిది. మంత్రసాని రావడం ఆలస్యమైతే హంపమ్మే బొడ్డు కోసింది. ఏసేపు పంటకోతల నాటికి తిరిగొచ్చాడు. గిడ్డమ్మ అతన్ని చీపురుతో కొట్టిందని, ప్రేమమ్మ అడ్డం పోలేదని చెప్పుకున్నారు.

కుండ పరీక్ష జవాబు మరుసటి ఏడు వచ్చింది. అందులో ఉన్నది కూటికి పులియబెట్టిన జొన్న కలి అని, సారాయి కాదని. ఏడాదిపాటు కర్నూలు ఎండల్లో షెడ్డులో ఉన్నాక కూడా అది సారాయి కాలేదంటే ఆ కలి మంచిదై ఉండాలి. కేసు కొట్టేశారు. అప్పటికే ఊళ్ళో లేని ఖైదీని విడుదల చేయవలసిందిగా ఇంకో ఉత్తర్వు వచ్చింది, దాన్నీ అమలుపరిచినట్టు బొజ్జన్న రాశాడు.

కమిటీ రిపోర్టు మాత్రం రెండు నెలల్లోనే వచ్చింది. అందులో మూడు సంగతులున్నాయి. ఒకటి, ఆడవాళ్ళ గదికి కిటికీ పెట్టవలెను. ఆ కాగితం ఎస్టిమేటుకు పోయింది. కొంతకాలానికి రాజధాని హైదరాబాదుకు తరలిపోతూ ఆ ఫైలును లారీలో వేసుకుని పోయింది. రెండు, తొమ్మిదేళ్ళ రిమాండుకు బాధ్యులు ఎవరో విచారించవలెను. దేవేంద్రప్ప విచారించి, బాధ్యులు రిటైరైనారని రాసి, ప్రమోషను మీద వేరే ఊరికి పోయాడు. మూడోది, గర్భవతిగా ఉండి కూడా డ్యూటీ మానని ఆడ వార్డరు ప్రేమమ్మ ఉద్యోగాన్ని పర్మనెంటు చేయవలెను. ఆశ్చర్యమేమంటే ఆ ఒక్కటీ వెంటనే జరిగిపోయింది.

"ప్రేమమ్మ ఎవరు?" అని జిల్లా ఆఫీసు అడిగింది. దానికి జవాబు కచ్చేరీకి అప్పటికే అలవాటైంది. సర్వీసు రిజిస్టరులో "హంపమ్మ అలియాస్ ప్రేమమ్మ" అని ఎక్కింది. దొంగలకు తప్ప అలియాస్ ఉండని ఆ కచ్చేరీలో అలియాస్ ఉన్న ఉద్యోగి ఆమె ఒక్కతే. సంతకు వచ్చినప్పుడు ప్రేమమ్మ బిడ్డను చంకనేసుకుని వచ్చి, "అక్కా, నా పేరు మీద నువ్వు జీతం తింటాండావంట" అని నవ్వేది. ఆమె సంతలోనే ఉండేది. కచ్చేరీ వీధికి మాత్రం ఎన్నడూ వచ్చేది కాదు. ఏదో తెద్దామని హంపమ్మ ఆ వైపు ఒకసారి రమ్మంటే, నిలబడ్డచోటే మొహం తెల్లబోయి, చెమటలు పట్టి, బిడ్డను గట్టిగా పట్టుకుంది. హంపమ్మ మళ్ళీ ఎప్పుడూ రమ్మనలేదు.

జైలు పెద్దగా మారలేదు. తలుపు మీద "ఆరుగురు" అలాగే ఉంది. కానీ దొడ్డిలో ఒక పూట ఉండివచ్చిన ఇరవై మంది వారం రోజులు తొట్టి మీద కొట్లాడుకోలేదని బొజ్జన్న గమనించాడు. అప్పట్నుంచి ఎండాకాలం సాయంత్రాలు వంతులవారీగా మనుషులను దొడ్డికి తోలేవాడు. "బందెల దొడ్డి శుభ్రపరచుట" అని పుస్తకంలో రాసేవాడు. ఆ తాలూకాలో అంత శుభ్రంగా ఉన్న దొడ్డి, కాగితం మీద, ఇంకొకటి లేదు.

ఆడవాళ్ళ గది సంగతి హంపమ్మ తానే చూసుకుంది. పర్మనెంటు ఉద్యోగికి ఒక మంచం ఇవ్వాలని ఎక్కడో ఉందని రంగన్న చెప్తే, పోరుపెట్టి నులకమంచం ఒకటి సంపాదించింది. దాన్ని గదిలో వేయలేదు, వరండాలో వేయలేదు. సరిగ్గా గడప మీద, సగం లోపల, సగం బయట వేసింది. మంచం అక్కడ ఉంటే తలుపు మూసుకోదు.

మొదటి రోజు పొద్దు గుంకే వేళకు బొజ్జన్న తాళం తీసుకుని వచ్చాడు. లోపల ఆదోని దారిలో జొన్నకంకులు దొంగిలించిందని తెచ్చిన భీమమ్మ అనే ముసలామె, తలుపులోంచి వచ్చే గాలికి ఎదురుగా కూర్చుని జుట్టు ముడి వేసుకుంటోంది.

"జరుపు హంపక్కా, తలుపు మూయాల."

"కాళ్ళు పట్టుకుండాయప్పా, లేయలేను" అంది హంపమ్మ, మంచం మీద ఇంకొంచెం ఒళ్ళు చాచుకుని.

"మూయకపోతే రూలు ఒప్పదు."

"మూసినానని రాసుకో పో. నీకు కొత్తనా?"

బొజ్జన్న కాసేపు తాళాన్ని, కాసేపు మంచాన్ని చూశాడు. చేతిలో పుస్తకం తెరిచి, కలం సిరాలో ముంచి, "ఆడ వార్డు మూయబడినది, తాళము వేయబడినది" అని రాసి, తాళాన్ని మొలకు తగిలించుకుని పోయాడు.